ఆ సీటు మీవాడిదేనా? – మీ ప్రశ్నలు, నా జవాబులు

కౌన్సెలింగ్ సీజన్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలు మెయిళ్లు దాదాపు అన్నీ రిజర్వేషన్ల మీదే. పేర్లు వేయొద్దన్నారు చాలామంది, వేయట్లేదు. ఒకాయన నాలుగు పేజీలు రాసి చివర్లో "ముందు మీ కులమేంటో చెప్పండి, ఆ తర్వాత జవాబు చెప్పండి" అన్నారు. చెప్పనండి. చెప్తే మీరిక కింద రాసింది చదవరు, చదవకుండానే అంతా అర్థమైపోతుంది మీకు.

ప్రశ్న: మావాడికి కంప్యూటర్ సైన్స్ కొద్దిలో పోయింది. వాడి ఫ్రెండ్‌ది వీడికంటే చాలా వెనక ర్యాంకు, అదే కాలేజీలో అదే బ్రాంచి వచ్చింది. మావాడి సీటు వాడికి ఇచ్చేసినట్టే కదా, ఇదేం న్యాయం? – ఒక తండ్రి, విజయవాడ

మీ బాధ అబద్ధం కాదు. రెండేళ్లు పొద్దున్నే ఐదింటికి లేపి, టిఫిన్ బాక్సు సర్ది, కాలేజీ బస్సెక్కించిన మనిషికి ఇప్పుడు నేను లెక్కలు చెప్తే ఒళ్లు మండుతుందని తెలుసు. అయినా లెక్కే చెప్తా, తిట్టుకోండి.

పల్లెవెలుగు ఎక్కే ఉంటారు మీరు. లోపల "స్త్రీలను గౌరవిద్దాం, వారి సీట్లలో వారిని కూర్చోనిద్దాం" అని రాసుంటుంది. నలభై మంది మగాళ్లు రాడ్డు పట్టుకుని నిలబడున్నారు, ముందు ఆడవాళ్ల సీట్లో ఒక కాలేజీ పిల్ల కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. ఆ నలభై మందీ మనసులో అనుకునేది ఒకటే, ఆ రాత లేకపోతే అక్కడ నేనుండేవాణ్ణి అని. సరే, రాత చెరిపేశామనుకోండి, ఎంతమంది కూర్చుంటారు? ఒక్కడు. మిగతా ముప్పై తొమ్మిది మంది దిగేదాకా అలాగే నిలబడతారు. కోపం మాత్రం నలభై మందికీ పూర్తిగా, ఒక్కొక్కడికి ఒక్కో సీటు పోయినంత వస్తుంది.

ఇప్పుడు మీ కాలేజీకి వద్దాం. ప్రైవేటు కాలేజీలో అరవై సీట్ల సెక్షన్ అనుకోండి. అందులో 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అంటే 18 సీట్లు ముందే పక్కకి పోయాయి. మిగిలిన 42 కన్వీనర్‌వి, అంటే కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి. ఆంధ్రలో ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 29, మొత్తం 50 శాతం, అంటే 21 సీట్లు రిజర్వుడు, 21 ఓపెన్ (ఈడబ్ల్యూఎస్, అంటే ఓసీల్లో పేదల కోటా, ఆ పది శాతం లెక్క వేరు, దాని సంగతి చివర్లో చెప్తా). ఓపెన్ అంటే ఓసీ వాళ్లవి అనుకుంటారు అందరూ, కాదు, ర్యాంకు ఉన్న ఎవరివైనా, అందులో ఎప్పుడూ బీసీ పిల్లలు ఉంటారు, ఎస్సీ పిల్లలూ ఉంటారు. రేపు రిజర్వేషన్ ఎత్తేస్తే ఆ 21 సీట్లూ ర్యాంకు ప్రకారం పోతాయి, మళ్లీ వాటిలోనూ బీసీ పిల్లలకి బోలెడు వస్తాయి. మీవాడు కటాఫ్‌కి పదీ ఇరవై ర్యాంకుల దూరంలో ఆగిపోయుంటే సీటు నిజంగా పోయింది, ఆ నష్టం వాడొక్కడే మోశాడు, దేశం తరఫున మోశాడనుకోండి, నేను కాదనను. అదే వేల ర్యాంకుల దూరమైతే మాత్రం ఆ ఫ్రెండ్ లేకపోయినా మీవాడు రాడ్డు పట్టుకునే ఉండేవాడు.

ఇంకో మాట. నేను చాలా ఏళ్లు సర్టిఫికెట్ వెరిఫికేషన్ టేబుల్ దగ్గర కూర్చున్నా. ఎస్సీకి ఇంత వెనక ర్యాంకుకి ఇచ్చారేంటి అని టేబుల్ గుద్దిన తండ్రుల్ని చూశా. అవతల 18 సీట్లు అంతకంటే వెనక ర్యాంకులకి కూడా డబ్బు కట్టినవాళ్లకి పోతుంటే వాటి గురించి టేబుల్ గుద్దినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్లేదు. ఆ సీట్లు మెరిట్‌వి కాకుండా ఎప్పుడు పోయాయో మరి. మీవాణ్ణి ఆ ఫ్రెండ్‌తో మాట్లాడ్డం మానెయ్యమని మాత్రం అనకండి, ఫస్ట్ ఇయర్లో ఇద్దరూ ఒకళ్ల రికార్డులు ఒకళ్లు రాసుకోవాల్సినవాళ్లు.

ప్రశ్న: బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్నా మేడమ్. ఎస్సీని. హాస్టల్లో కొత్తగా ఎవరు పరిచయమైనా ముందు ర్యాంకు అడుగుతారు, చెప్పగానే "ఓహ్" అంటారు. ఆ ఓహ్ వినలేకపోతున్నా. – వరంగల్

ర్యాంకు ఎంత అంటే కులమేంటి అని అడిగినట్టే తల్లీ, మనవాళ్లకి నేరుగా అడగడం మొహమాటం. రిజర్వేషన్ ఖర్చు లెక్కలు వేసే మేధావులు ఈ "ఓహ్"ని ఏ కాలమ్‌లోనూ వెయ్యరు. దీని ధర కట్టేది సీటు పోయినవాడు కాదు, వచ్చినదానివి నువ్వే, నాలుగేళ్లూ వాయిదాల్లో కడతావు.

కోటాలో వచ్చినవాళ్లు ఆ చదువు అందుకోలేక దెబ్బతింటారు అనే మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. మన దేశంలోనే ఒక రాష్ట్రం ఇంజినీరింగ్ అడ్మిషన్లు, పరీక్షల ఫలితాలు దగ్గర పెట్టుకుని బగ్డే, ఎపుల్, టేలర్ అని ముగ్గురు చేసిన పరిశోధన 2016లో అచ్చయింది, అలా దెబ్బతిన్నట్టు ఆధారం దొరకలేదని తేల్చారు. అశ్వినీ దేశ్‌పాండే, వైస్‌కాఫ్ కలిసి రైల్వేల మీద చేసింది ఇంకోటుంది, ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎక్కువున్నచోట పని తగ్గిందనే ఆధారం అక్కడా దొరకలేదు, పైస్థాయి పోస్టుల్లో అయితే కొంత మెరుగైన సూచనలే కనిపించాయి. ఇవి చూపించి హాస్టల్లో వాదించమని కాదు, వాదించి గెలిచినా ఎవరూ ఒప్పుకోరు. నీ లోపల నీకే డౌటు వచ్చిన రోజు గుర్తుంచుకోడానికి చెప్తున్నా. బ్యాక్‌లాగ్స్ ఏమన్నా ఉంటే సీనియర్ల దగ్గర పాత పేపర్లు అడిగి తీసుకో, అడగడానికి సిగ్గుపడకు, అందరూ అలాగే పాసవుతారు, ఆ "ఓహ్" అన్నవాళ్లతో సహా.

ప్రశ్న: మేం మాదిగలం. వర్గీకరణ వచ్చేసింది అని ఊళ్లో డప్పులు కొట్టాం సరే, మాకు నిజంగా ఒరిగేదేంటి? నాతోపాటు డీఎస్సీకి చదివిన మాల ఫ్రెండ్ మాత్రం ఎస్సీలని విడగొట్టారు అంటున్నాడు. ఎవరిది కరెక్టు? – ప్రకాశం జిల్లా నుంచి ఒక అభ్యర్థి

మీ జిల్లా నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది, 1994 జులైలో వర్గీకరణ కోసం మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది మీ ఈదుముడిలోనే కదా. పేరు చివర మాదిగ అని పెట్టుకుని మంద కృష్ణ తిరగడం మొదలుపెట్టినప్పుడు, కులం పేరు చెప్పుకోడానికి తల దించుకునే రోజుల్లో అదేం ధైర్యమని మా స్టాఫ్ రూమ్‌లో నోళ్లు తెరిచారు. తర్వాత రామచంద్రరాజు కమిషన్, 1997లో జీవో, కోర్టు కొట్టేస్తే 2000లో చట్టం, ఎస్సీల 15 శాతాన్ని ఏ బీ సీ డీలుగా 1, 7, 6, 1 చేశారు. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మళ్లీ ఇరవై ఏళ్లు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చు అన్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి మూడు గ్రూపులు, 1, 9, 5. అదే ఏడాది మన ఆంధ్రలో కూడా మూడే, రెల్లి వగైరా 12 కులాలకి 1, మాదిగ వగైరా 18 కులాలకి 6.5, మాల వగైరా 29 కులాలకి 7.5.

ఒరిగేదేంటి అన్నారు కదా. మొత్తం పెరగలేదు, 15 ఎప్పటిలాగే 15, అది ముందు బుర్రలో పెట్టుకోండి. మారింది వరస. ఒక సంగతి చెప్తా. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ఒకమ్మాయి హెల్ప్‌లైన్ సెంటర్‌కి వచ్చింది, ఎస్సీ కోటాలో చూస్తే మంచి ర్యాంకే, ఎక్కడో అక్కడ ఖాయంగా రావాలి, కానీ సీటు రాలేదు. ఏంటా అని చూస్తే మూడంటే మూడు ఆప్షన్లు పెట్టుకుంది. ఏమ్మా అంటే "మూడు కాలేజీల పేర్లే తెలుసండీ" అంది. అదే పొద్దున అదే ఎస్సీ కోటాలో ఇంకో కుర్రాడు వచ్చాడు, వాళ్ల నాన్న బ్యాంకులో ఆఫీసరు, కాలేజీ కోడ్లు వరసపెట్టి టైప్ చేయించిన నాలుగు పేజీల లిస్టు, మార్జిన్లో పోయినేడాది కటాఫ్‌లు పెన్సిల్‌తో. ఇద్దరికీ చట్టం ఇచ్చింది ఒకటే. తలుపు తెరిచే ఉంది, కానీ తలుపు పక్కనే ఇల్లున్నవాడు ముందు దూరతాడు, దూరమని తప్పు పట్టలేం కూడా, తలుపు తెరిచిందే దూరడానికి. మాల కులంలో చదువు ఒక తరం ముందే మొదలైంది, మిషన్ స్కూళ్లు దగ్గర్లో ఉండటంతో కొంత, పట్నాలకి ముందు వెళ్లడంతో కొంత. మీ ఇళ్లల్లో ఆ నాలుగు పేజీల లిస్టు తయారుచేసే నాన్నలు తక్కువ, రెల్లివాళ్ల ఇళ్లల్లో ఇంకా తక్కువ. వర్గీకరణ చేసేది ఒక్కటే, ఆ అమ్మాయిని ఆ కుర్రాడితో పోటీ పెట్టకపోవడం.

విడగొట్టారు అనే మాట నాకు ఎక్కదు. బీసీలని ఏ బీ సీ డీ అని 1970లోనే చేశారు, తర్వాత బీసీ-ఈ అని ఇంకో గ్రూపు కూడా చేర్చారు, బీసీలు విడిపోయారని ఎవరన్నా ఏడ్చారా? చాకలి, మంగలి పిల్లలు పోస్టింగ్ ఆర్డర్లు చూశారంటే ఆ గీతల వల్లే. ఢిల్లీలో ఓబీసీలకి ఆ గీతలు లేవు, అందుకని ఏమైందో రోహిణి కమిషన్ లెక్కల్లో 2018లోనే బయటపడింది, కేంద్రం ఉద్యోగాల్లో సీట్లలో 97 శాతం నాలుగో వంతు ఓబీసీ కులాలకే పోయాయి, 983 కులాలకి ఒక్కటీ రాలేదు.

అలాగని మీ ఫ్రెండ్‌ది ఉత్త కుళ్లు అనుకోకండి. ఇన్నాళ్లూ 15కి పోటీ పడ్డవాడు ఇప్పుడు ఏడున్నరకి పడాలి, వయసు ముప్పై దాటుతోంది, వాడి ఇంట్లో బ్యాంకు ఆఫీసర్ నాన్న లేడు, కౌలురైతు నాన్నే ఉన్నాడు. ఈ మార్పు ఖర్చు పడేది పైకెక్కిపోయిన మాలల మీద కాదు, వాడి మీద. పైగా మీరిద్దరూ పంచుకుంటున్న కుండే చిన్నదైపోతోంది, పర్మినెంట్ పోస్టులు తగ్గి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అని వచ్చాక చాలాచోట్ల ఏ పోస్టు ఏ కోటాకో రాసుండే రోస్టర్ పుస్తకం తెరిచేవాడే లేడు. ఆ విషయంలో మీరూ వాడూ ఒకే టెంట్ కింద కూర్చోవాలి, కూర్చోవట్లేదు, అదే నా బాధ.

ప్రశ్న: మరి ఎస్సీల్లో కూడా క్రీమీలేయర్ పెట్టేస్తే పోలా? కలెక్టర్ కొడుక్కి ఎందుకు కోటా? – గుంటూరు

2024 తీర్పులో నలుగురు జడ్జీలు పెట్టాలనే అన్నారు, కేంద్రం అదే నెలలో పెట్టం అంది. నాకు ఇందులో రెండు మనసులున్నాయి. కలెక్టర్ కొడుకు అక్కర్లేదు, నిజమే. కానీ పైస్థాయి పోస్టులకి ఆ మొదటి తరం పిల్లల్ని తీసేస్తే మిగిలినవాళ్లలో ఎవరూ క్వాలిఫై కాలేదని ఫైలు మూసేసి, పోస్టు ఖాళీగా పెట్టి, కొన్నాళ్లకి దాన్ని మాయం చేసే విద్య మన ఆఫీసులకి బాగా వచ్చు. ఖాళీ పోస్టు అదే కోటాలో కింది పిల్లలకే పోతుందని గట్టిగా రాసిస్తే నేను క్రీమీలేయర్‌కి ఓటేస్తా.

ప్రశ్న: పాడేరు దగ్గర ఒక ఏజెన్సీ ఊళ్లో టీచర్ని. జీవో 3 కొట్టేశాక మా పిల్లలకి ఉద్యోగాలు పోయాయని అందరూ అంటున్నారు. దీని మీద రాయండి.

ఉద్యోగాల సంగతే అందరూ మాట్లాడతారు మాస్టారూ, మీరు బడి సంగతి కూడా రాస్తారేమో అనుకున్నా. తెలీనివాళ్లకి: 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్రం ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు వందకి వంద స్థానిక గిరిజనులకే అని ఇచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచి కొట్టేసింది, అప్పటికే చేరినవాళ్లని మాత్రం కదపలేదు.

ఆ జీవో వచ్చింది ఎవరికో ఉద్యోగం ఇవ్వాలని మాత్రమే కాదు, బడి తెరుచుకోవాలని. కింద మైదానం నుంచి పోస్టింగ్ వేసిన పంతులుగారు సోమవారం మధ్యాహ్నానికి వచ్చి గురువారానికే బస్సెక్కేసేవాడు, వానాకాలం వస్తే అదీ లేదు, గెడ్డ పొంగింది అనేవాడు. వచ్చిన రోజున ఒకటో తరగతి పిల్లాడికి తెలుగులో "అమ్మ, ఆవు" చెప్తాడు, వాడింట్లో మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. వాడు నోరు తెరవడు, వీడు మొద్దు అని రాసేస్తాడు. అదే ఊరివాడే పంతులైతే పిల్లాడు నీళ్లు అడగడానికి, బయటికెళ్లడానికి కూడా భాష వెతుక్కోనక్కర్లేదు. రిజర్వేషన్ లాభం ఉద్యోగం వచ్చినవాడి జీతంతో మాత్రమే లెక్కేస్తే ఈ పిల్లాడు ఆ లెక్కలోకే రాడు, కోర్టులోనూ పెద్దగా రాలేదు అనిపిస్తుంది నాకు.

అయితే వంద అనేది సమర్థించడం కష్టం, ఒప్పుకోవాలి. ఏజెన్సీలోనే రెండు మూడు తరాలుగా ఉన్న ఎస్సీ కుటుంబం అమ్మాయి డీఈడీ చదివితే ఆమెకి ఒక్క పోస్టు కూడా లేదు, ఆమె ఎక్కడికెళ్లాలి? కోర్టు పట్టుకున్నది ఇదే. నన్నడిగితే వంద కాకుండా, ఆ బడి పిల్లల ఇంటి భాష వచ్చిన వాళ్లకే పోస్టు అని పెట్టుండాల్సింది, కులం పేరు లేకుండానే పిల్లాడికి కావాల్సింది దొరికేది, ఆ అమ్మాయికీ దారి ఉండేది. ప్రభుత్వాలు అంత ఓపిగ్గా జీవోలు రాయవు, ఏం చేస్తాం.

ప్రశ్న: అమెరికాలో సుప్రీంకోర్టు ఇదంతా తీసి పారేసింది, మనవాళ్లకి ఎప్పుడు బుద్ధొస్తుంది? – డాలస్ నుంచి ఒక తెలుగువాడు

2023 జూన్ 29న హార్వర్డ్ కేసు గురించే కదా మీరంటోంది. అక్కడ తీసేసింది కోటా కాదు సార్, ఇన్ని సీట్లు అని పక్కన పెట్టడం అక్కడ 1978లో బాకీ (Bakke) అనే అభ్యర్థి కేసు నుంచే చెల్లదు. అడ్మిషన్లో పదిరకాలు చూసేటప్పుడు జాతిని కూడా ఒకటిగా చూసేవాళ్లు, అది వద్దన్నారు. పూర్వవిద్యార్థుల పిల్లలకి చూపించే ప్రత్యేక ప్రేమ ఉందే, అది ఆ తీర్పులో చెక్కు చెదరలేదు. మన దగ్గర రిజర్వేషన్ రాజ్యాంగంలోనే రాసుంది, కాబట్టి అక్కడి తీర్పు తెచ్చి ఇక్కడ అతికిద్దామంటే అతకదు.

అన్నట్టు మన ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఎన్నారై కోటా అని ఉన్నాయి. మీ అన్నయ్యగారి అమ్మాయి నీట్‌లో కొంచెం వెనకబడితే మీకే ఫోన్ వస్తుంది చూడండి, స్పాన్సర్ లెటర్ కావాలని. అప్పుడు కూడా నాకు ఒక మెయిల్ పెట్టండి.

ప్రశ్న: అంబేడ్కర్ పదేళ్లే అన్నారు కదా, ఇంకెన్నాళ్లండీ? – నిజామాబాద్

పదేళ్లు అన్నది చట్టసభల్లో సీట్లకి, 334వ అధికరణం. దాన్ని పదేళ్లకోసారి పొడిగించుకుంటూ ఇప్పుడు 2030 దాకా తెచ్చారు. చదువులకి, ఉద్యోగాలకి అలాంటి గడువు ఎక్కడా రాయలేదు. చదువుల్లో రిజర్వేషన్‌కి రాజ్యాంగంలో చోటు 1951 మొదటి సవరణతో దొరికింది, దానికి కారణం మద్రాసు కమ్యూనల్ జీవో కేసు. అప్పటికి కోస్తా, సీమ మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి అది మన జీవో కూడా. ప్రతి 14 సీట్లకి బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ముస్లింలకి 1, ఆంగ్లో ఇండియన్లకి, క్రైస్తవులకి కలిపి 1. మెడికల్ సీటు రాదని చంపకం దొరైరాజన్ కోర్టుకెళ్లి గెలిచారు. తమాషా ఏంటంటే ఆవిడ అసలు అప్లికేషనే పెట్టలేదు, కనుక్కుంటే రాదని తెలిసి నేరుగా కోర్టుకెళ్లారు. విజయవాడ తండ్రిగారూ, ఇది మీ కోసం.

ఎన్నాళ్లు అన్నదానికి నా దగ్గర తేదీ లేదు. ఆ మూడు ఆప్షన్ల అమ్మాయి కూతురు నాలుగు పేజీల లిస్టుతో వచ్చిన రోజున అడగండి, అప్పుడు ఆలోచిద్దాం.

ప్రశ్న: మేం ఓసీలం, ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నెలకి నలభై వేలు. కులం కాకుండా పేదరికం చూసి ఇవ్వాలంటా నేను. మా పాపకి ఈడబ్ల్యూఎస్ వస్తుందా? – ఒక గృహిణి, తెనాలి

మీరడిగింది 2019లోనే ఇచ్చేశారమ్మా, 103వ సవరణ, పది శాతం. 2022 నవంబరులో సుప్రీంకోర్టులో ముగ్గురు సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. కాదన్నవాళ్ల అభ్యంతరం ఏంటంటే పేదవాళ్లలో ఎస్సీ ఎస్టీ బీసీ పేదల్ని బయట పెట్టి ఇదేం పేదరికం కోటా అని. నాకూ అదే అనిపిస్తుంది. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు అంటే నెలకి అరవై ఆరు వేల పైచిలుకు, మన ఊళ్లల్లో దాన్ని పేదరికం అంటే నవ్వుతారు. మీ నలభై వేల ఇంటికీ, వంటపని చేసి పిల్లని చదివించే ఓసీ ఇంటికీ మళ్లీ ఒకటే పోటీ. అక్కడా తలుపు పక్క ఇల్లు మీదే అవుతుంది, ఏమీ అనుకోకండి.

వస్తుందా అంటే, ఇంట్లో అందరి ఆదాయం కలిపి ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉంటే వస్తుంది. జీతం, పొలం, వ్యాపారం అన్నీ లెక్కలోకొస్తాయి. కేంద్రం సీట్లకైతే ఐదెకరాల పొలం గానీ, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్ గానీ ఉంటే రాదు, స్థలం ఉంటే దానికీ ఒక పరిమితి ఉంది, అప్లై చేసేటప్పుడే చూసుకోండి. మీ వార్డు సచివాలయంలో అప్లై చేస్తే తహసీల్దారు ఆఫీసు నుంచి ఇస్తారు. కిందటి ఆర్థిక సంవత్సరం ఆదాయం మీద ఇస్తారు కాబట్టి పోయినేడాది తీసుకున్నది చూపిస్తే కుదరదు, జేఈఈకి, నీట్‌కి ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అడుగుతారు. జెరాక్సులు నాలుగు తీసి పెట్టుకోండి, ఒరిజినల్ లామినేషన్ మాత్రం చేయించకండి, ముద్ర సరిగ్గా కనపడక మా టేబుల్ దగ్గర చాలామంది వెనక్కి వెళ్లారు.